నీసు తగ్గిస్తున్న, ఆ జాగల ఏం తినాలె?

మిర్యాలగూడ_లెక్కలు

అందరికి నమస్తే. నాకు 46 ఏండ్లు, మిర్యాలగూడల ఒక రైస్‌మిల్లుల లెక్కలు రాస్త. పొద్దున తొమ్మిదింటికి కుర్చీల కూసుంటే రాత్రి ఎనిమిదింటికి లేసుడు, సీజన్ల అయితే పది కూడ అయితది. నెలన్నర కింద ఛాతిల మంటగ ఉన్నదని పోతే ఈసీజీ మంచిగనే వచ్చింది గని రక్తపరీక్షలల్ల ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 168, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంల ఉండే ఇంకో రకం కొవ్వు) 240, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సరాసరి చెప్పేది) 6.1 వచ్చినయి. డాక్టర్ మూడు నెలలు టైం ఇచ్చిండు, తిండి మార్చు, రోజూ నడువు, అప్పటికి దిగకపోతే గోలీలు మొదలు పెడదాం అన్నడు. మా నాయిన 58 ఏండ్లకే గుండెపోటుతోటి పోయిండు, పొద్దున పొలంకాడికి అని పోయినోడు మళ్ల ఇంటికి రాలేదు, అందుకే ఆ కాయితం చూసినకాంచి నాకు నిద్ర పడ్తలేదు.

మా ఇంట్ల వారానికి మూడుసార్లన్న నీసు ఉండాలె. ఆదివారం యాటకూర, నడుమ ఒకసారి చికెన్, బోటి దొరికితే బోటి. మొత్తానికే బంద్ చేస్త అని నేను చెప్పను, మన దిక్కు అది అయ్యేపని కాదు, గని నెలకు ఒకటి రెండు సార్లకు తెచ్చి మిగతా అంత శాకాహారమే తిందామని గట్టిగ అనుకున్న, మూడు వారాల నుంచి చేస్తున్న కూడ.

సమస్య ఏందంటే కూరల ముక్క లేకపోయేసరికి అన్నం ఎక్కువ పోతున్నది. పప్పుచారుతోటి ఒకసారి, పచ్చిపులుసుతోటి ఒకసారి, పెరుగుతోటి ఒకసారి, మూడుసార్లు పెట్టుకుంటున్న. రెండింటికి తింటే ఐదింటికల్ల మళ్ల ఆకలి, మిల్లు బయట బండి మీద మిర్చీలు నాలుగు తింటే గని ఆగుతలేదు. మొన్న ఇంట్ల మిషన్ మీద పరగడుపున చూసుకుంటే షుగర్ 121 ఉన్నది, నెలన్నర కింద 109 ఉండె. నీసు మానితే తగ్గాలె కదా, ఇది పెరుగుడేంది? మా అమ్మ ఏమో నీసు లేకపోతే ఒంట్ల బలం ఎట్ల ఉంటదిరా అని రోజూ బాధపడ్తది. మన దిక్కు తిండితోటే చేసినోళ్లు ఎవరన్న ఉంటే చెప్పండి, ఓట్స్ లాంటివి మా ఇంట్ల నడవయి.

జడ్చర్ల_అక్క

తమ్ముడూ, నీ పోస్టు చదివి పని పక్కకు పెట్టి రాస్తున్న, ఎందుకంటే సరిగ్గ ఇదే తప్పు మేము ఎనిమిది నెలలు చేసినం. మా ఆయనకు నాలుగేండ్ల కింద స్టెంట్ వేసిండ్రు. ఇంటికి రాంగనే యాటకూర బంద్, గుడ్డు బంద్, అంత పథ్యం అని మొదలుపెట్టిన. మనిషికి కూర లేదాయె, పాపం అనిపించి ఆలుగడ్డ వేపుడు చేసుడు, పొద్దున పూరీ చేసుడు, సాయంత్రం పకోడీ వేసుడు. అన్ని శాకాహారమే కదా అనుకున్న. ఎనిమిది నెలలకు పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్ కొంచెం దిగింది గని ట్రైగ్లిజరైడ్స్ 190 ఉన్నది 310కి పోయింది, పొట్ట పెరిగింది. అప్పుడు డాక్టరమ్మ నన్ను కూసోబెట్టి అడిగింది, కూర తీసేసిన జాగల పళ్లెంల ఏం వచ్చింది చెప్పమ్మ అని. నేను నోరు తెరిసి చెప్పింది మొత్తం అన్నం, ఆలుగడ్డ, మైదా, నూనె. ఆ ఒక్క ప్రశ్నతోటి నాకు విషయం అర్థమైంది. నీ షుగర్ పెరిగింది నీసు మానినందుకు కాదు తమ్ముడూ, ఆ జాగల బువ్వ వచ్చి కూసున్నది.

ఇప్పుడు మేము తినేది చెప్త. రాత్రికి అన్నం లేదు, రెండు జొన్నరొట్టెలు, ఒక గిన్నె నిండ ఆకుకూర పప్పు. పుంటికూర, గంగవాయిలి కూర, చుక్కకూర, తోటకూర ఏది దొరికితే అది, పప్పు ఎంతనో ఆకు అంతకు రెండింతలు వేస్త. మధ్యాహ్నం అన్నం ఉంటది, ఒక్కసారే పెట్టుకునుడు, ముందు కూర తిని తర్వాత అన్నంల చెయ్యి పెట్టాలె. సాయంత్రం ఐదింటికి నీకు ఆకలైతది అన్నవు చూడు, ఆ టైంకి గుడాలు. పెసర్లు, బబ్బెర్లు, శెనిగలు, చలికాలం అయితే అనపకాయ గింజలు, రాత్రి నానబెట్టి పొద్దున ఉప్పేసి ఉడకబెట్టి ఉల్లిగడ్డ నిమ్మకాయ పిండి డబ్బల పెడ్త. మా ఆయన షాపుకు అదే పట్టుకపోతడు, బజ్జీల బండి దిక్కు పోవుడు దానంతట అదే తగ్గింది.

జొన్నరొట్టె నీ భార్యకు రాకపోతే భయపడొద్దని చెప్పు, నాకు కూడ పెండ్లయిన 22 ఏండ్లకు వచ్చింది, మా అత్త నేర్పింది. జొన్నపిండిల గోధుమపిండి లెక్క సాగే గుణం ఉండదు, చల్లనీళ్లు పోస్తే ఎంత పిసికినా పలిగిపోతది. నీళ్లు మసలాలె, మసిలేటివి పిండి నడుమల పోసి గంటెతోటి కలిపి, చెయ్యి కాలకుండ పట్టుకునేంత వేడి ఉన్నప్పుడే అరచెయ్యి మడిమెతోటి గట్టిగ రుద్దాలె. రుద్దుడు తక్కువైతే అంచులు పలుగుతయి. తర్వాత పీట మీద పొడిపిండి సల్లి అరచెయ్యితోటి కొట్టుకుంట తిప్పుకుంట పోవుడే. పెనం మీద వేసినంక పొడిపిండి ఉన్న వైపు పైకి ఉంటది, దాన్ని తడిబట్టతోటి తుడిసి ఆరినంక తిప్పాలె, అప్పుడు పొంగుతది. మొదటి వారం నావి అన్ని ముక్కలే, పచ్చిపులుసుల వేసుకొని తిన్నం. పిండి మాత్రం పదిహేను రోజులకు సరిపోనే పట్టించు, పాతపిండి చేదొస్తది.

ఇంక మీ అమ్మ సంగతి. మా అత్తది నారాయణపేట దిక్కు, 78 ఏండ్లు, ఆమె కూడ మొదట అట్లనే అన్నది. ఒకరోజు నేను నిమ్మలంగ అడిగిన, అత్తా మీ చిన్నప్పుడు కూర ఎన్నొద్దులకు వండుతుండె అని. దసరకు యాట కోస్తే వాడ మొత్తం పోగులు పెట్టుకునేది, మళ్ల ఎల్లమ్మ పండుగకు, చుట్టాలు వస్తే ఒక కోడి, గంతే అన్నది. మిగతా దినాలు జొన్న గట్క, సజ్జరొట్టె, ఉలవకట్టు, తైదంబలి, తొక్కు. అన్నం కూడ పండుగకే. అవ్వి తిని ఆమె బాయికాడ మోట నీళ్లకు మడులు కట్టింది, ఆరుగురిని కన్నది. 1983ల కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినంక ఇంట్ల పూట పూటకు అన్నం అలవాటైంది అని ఆమెనే చెప్పింది. ఆకలి తీరింది, అది మంచిదే, గని రొట్టె కొట్టుడు మాత్రం ఇంట్ల నుంచి పోయింది. మీ అమ్మను కూడ అడుగు, నువ్వు చెప్తే వినదు, ఆమె నోటితోటి ఆమె చెప్తే వింటది.

పాలమూరు_న్యూట్రిషన్

నేను మహబూబ్‌నగర్‌లో న్యూట్రిషనిస్టుగా పనిచేస్తున్నాను. అక్క చెప్పినదానికి లెక్క జోడిస్తాను, మీరు లెక్కలు రాసేవారు కాబట్టి ఇది మీకు తొందరగా పట్టుబడుతుంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. మీ ఎత్తుకి తగిన బరువు 70 కిలోలు అనుకుంటే రోజుకి 58 గ్రాములు. ఇప్పుడు మన ఇళ్లల్లో పప్పు ఎంత వేస్తారో చూడండి, నలుగురికి ఒక టీ గ్లాసు, అంటే సుమారు 100 గ్రాములు. కందిపప్పులో ప్రోటీన్ 22 శాతం దాకా ఉంటుంది, నలుగురు పంచుకుంటే మనిషికి ఐదున్నర గ్రాములు. పప్పుచారు అయితే ఇంకా తక్కువ, అది రుచికి పోసుకునేదే. అందుకే రోజూ పప్పు తింటున్నాం కదా అనుకుంటూనే ప్రోటీన్ అందక ఐదింటికి ఆకలేస్తుంది.

అదే మనిషికి పచ్చి పప్పు 50 గ్రాములు లెక్కన వేస్తే 11 గ్రాములు, వంద గ్రాముల పిండితో రెండు జొన్నరొట్టెలు చేస్తే 10, పిడికెడు పల్లీలు 7, పావులీటరు పైన పాలు పెరుగు కలిపి 9, ఒక గుడ్డు 6, నానబెట్టకముందు 40 గ్రాముల పెసర్ల గుడాలు 9, మధ్యాహ్నం అన్నం నుంచి ఒక 10. కూడుకోండి, 62 వస్తుంది. మాంసం ఒక్క ముక్క లేకుండానే. మీల్ మేకర్ కూడా వారంలో రెండుసార్లు వండుకోవచ్చు, ఎండుదాంట్లో సగం ప్రోటీనే. జొన్నల్లో తక్కువైన లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ జొన్నల్లో ఉంటుంది, మన పెద్దలు రొట్టె పప్పు కలిపి తిన్నది ఊరికే కాదు.

ఆ సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో రోజుకి 2000 క్యాలరీల మనిషికి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు చాలన్నారు, కూరగాయలు ఆకుకూరలు 400 గ్రాములు ఉండాలన్నారు. మన పళ్లెం దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. ఇప్పుడు రేషన్‌లో సన్నబియ్యం మనిషికి ఆరు కిలోలు వస్తున్నాయి, నెలకి ఆరు కిలోలంటే రోజుకి 200 గ్రాములు, అవి కాక పొద్దున టిఫిన్ వేరే. బియ్యం చెడ్డవని కాదు, పాలిష్ పట్టిన బియ్యంలో పీచు దాదాపు ఉండదు, అరగంటలో రక్తంలోకి షుగర్ లాగా వచ్చేస్తుంది, వాడకం కాని మిగులు లివర్‌లో కొవ్వుగా మారి ట్రైగ్లిజరైడ్స్‌గా కనిపిస్తుంది. మీది కూర్చుని చేసే పని, ఖర్చయ్యే దారి లేదు. కల్లు, మందు అలవాటు ఉంటే అది కూడా ట్రైగ్లిజరైడ్స్‌ని బాగా పెంచుతుంది.

గుడ్డు మానొద్దు, మీరు పూర్తి శాకాహారం అనుకోలేదు కదా. ఇంకో మాట, మీ ఇంట్లో ఆడవాళ్లు కూడా ఇదే తింటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. మాంసంలోని ఐరన్ ఒంటికి తేలిగ్గా పడుతుంది, ఆకుకూరల్లో పప్పుల్లో ఉన్నది అంత తేలిగ్గా పట్టదు, నిమ్మకాయ పిండుకుంటే ఎక్కువ పడుతుంది, తిన్న వెంటనే చాయ్ తాగితే తగ్గిపోతుంది. కాబట్టి తిండికీ చాయ్‌కీ మధ్య గంట గంటన్నర ఉంచండి. మీ పాప ఎదిగే వయసులో ఉంటే మీ కోసమని తన కూర బంద్ చేయకండి. ఇప్పటికే షుగర్ గోలీలు వాడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, అన్నం ఒక్కసారిగా తగ్గించే ముందు డాక్టర్‌కి చెప్పండి, డోసు అలాగే ఉంటే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు కూడా ఈ పప్పు, ఆకుకూరల లెక్క ఉన్నదున్నట్టు పాటించొద్దు, వాళ్లకి పొటాషియం లెక్క వేరే.

వనపర్తి_టైలర్

అన్నా నాది ఒక్క మాట, బి12 విటమిన్ పరీక్ష చేయించుకో. నేను ఏడేండ్ల కింద మాలేసుకున్నప్పుడు నీసు ఇడిసిపెట్టిన, మనసుకు మంచిగ అనిపించి మళ్ల ముట్టలే. నాకు పాలు అరుగయి, గుడ్డు కూడ తినలే. నాలుగేండ్లు ఏం కాలే, ఇంకా ఒళ్లు తేలికైంది, అందరికి చెప్పిన మీరు కూడ మానుర్రి అని. ఐదో ఏడు కాళ్లల్ల తిమ్మిర్లు మొదలైనయి. మిషన్ తొక్కుతుంటే కాలు కింద పెడల్ ఉన్నదా లేదా తెలుస్తలేదు, సూదిల దారం ఎక్కియ్యాలంటే వేళ్లు మొద్దుబారినట్టు. ఒక దవాఖానల నరాల బలహీనత అని మూడు నెలలు ఏవో గోలీలు రాసిచ్చిండ్రు, పైసలు పోయినయి గని తగ్గలే. ఇంకో డాక్టర్ దగ్గరికి పోతే ఏం తింటవు అని ముందు అడిగిండు, బి12 రాసిండు, 130 వచ్చింది, 200 పైన ఉండాలంట. సూదులు వేసి తర్వాత గోలీలు ఇచ్చిండు, ఆరు నెలలకు చేతులు మంచిగైనయి, కాళ్లల్ల ఇంకా కొంచెం ఉన్నది.

ఎందుకు అంత లేటుగ తెలిసిందంటే బి12 లివర్‌ల ఏండ్ల తరబడి జమ ఉంటదంట, అది కరిగినంకనే బయటపడ్తది. మునగాకుల ఉంటది, పప్పుల ఉంటది అని ఫోన్లల్ల తిప్పుతరు, నమ్మకు, పాలు పెరుగు గుడ్డు మాంసం చేపలు ఇవే. పాలు గుడ్డు తింటే నీకు భయం లేదు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వేసుకునేటోళ్లకు బి12 ఇంకా తగ్గుతదని కూడ ఆ డాక్టర్ చెప్పిండు, రేపు నీకు ఆ గోలీ రాస్తే గుర్తుపెట్టుకో. నేను ఇప్పటికి కూడ నీసు తింటలేను, గోలీ మాత్రం మరువను.

మర్రిగూడ_బిడ్డ

నల్గొండ జిల్లా అని చూసి రాస్తున్న, మిర్యాలగూడల సాగర్ ఎడమ కాలువ నీళ్లు ఉన్నయి కాబట్టి మీకు అంత తెల్వకపోవచ్చు గని మా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి దిక్కు బోరునీళ్లల్ల ఫ్లోరైడ్ తోటి రెండు మూడు తరాలు ఎముకలు వంగినయి. మా తాత మెడ తిప్పలేకపోతుండె, ఎవరన్న పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేది. మిషన్ భగీరథల నల్లాకు కృష్ణ నీళ్లు వచ్చినంక తాగుడు మారింది గని వండుడు చాలా ఇండ్లల్ల ఇంకా బోరునీళ్లతోటే. నీసు తగ్గించి పప్పులు గుడాలు పెంచేటోళ్లు ఇది ఆలోచించాలె. కిలో శెనిగలు నానబెట్టి ఉడకబెడితే ఆ నీళ్లన్ని గింజ తాగుతది, ఆ గింజ మనం తింటం. కాబట్టి నానబెట్టుడుకు, ఉడకబెట్టుడుకు, అంబలి కాసుడుకు కూడ కృష్ణ నీళ్లే వాడండి, బోరునీళ్లు బాసన్లకు బట్టలకు ఉంచండి.

రెండోది కాల్షియం. తిండిల కాల్షియం తక్కువైన ఒంట్ల ఫ్లోరైడ్ ఎముకను ఇంకా తొందరగ పాడుచేస్తది. తైదలల్ల వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటది, నువ్వులల్ల వెయ్యి పైననే. మా అమ్మ నువ్వుల పొడి ఎల్లిగడ్డ ఎండుమిర్చి వేసి రోట్ల దంచి సీసాల పెడ్తది, రొట్టె మీద రోజూ రెండు చెంచాలు. ఆకుకూరలల్ల పాలకూర ఒక్కటే నమ్ముకోకండి, దాంట్ల ఆక్సలేట్ ఎక్కువ, ఉన్న కాల్షియం ఒంటికి పట్టనియ్యదు. చాయ్ కూడ తగ్గించాలె, చాయ్‌పత్తలనే ఫ్లోరైడ్ మస్తు ఉంటది. ఆకలి మరిసిపోవుడుకు చాయ్ తాగే అలవాటు మా దిక్కు కూలికి పోయేటోళ్లందరికి ఉన్నది, మిల్లులల్ల కూడ అంతే కదా.

మిర్యాలగూడ_లెక్కలు

మీ అందరికి చేతులెత్తి దండం పెడ్తున్న. పొద్దున లేసి ముందు మా ఇంట్ల పప్పు గ్లాసు తూకం వేసిన, 90 గ్రాములు వచ్చింది. ఐదుగురం ఉన్నం, అంటే మనిషికి నాలుగు గ్రాముల ప్రోటీన్ కూడ లేదు. అన్నం ఏమో నేనొక్కన్నే పూటకు పావుకిలో బియ్యంది తింటున్న. బియ్యం మిల్లుల ఇరవై ఏండ్ల నుంచి క్వింటాళ్ల లెక్క రాస్తున్న, ఇంట్ల గ్లాసు లెక్క ఎన్నడు చూడలే. నిన్న మా ఆమెకు ఇవన్ని చదివి వినిపించిన, గ్లాసు మార్చి పెద్దది పెట్టింది. అమ్మను కూడ అక్క చెప్పినట్టు అడిగిన. ఆమె చిన్నతనం దేవరకొండ దిక్కు గడిచింది, సాగర్ కాలువ దిక్కు వచ్చినంకనే రోజూ వరి అన్నం చూసినం, అంతకుముందు మొత్తం జొన్న సజ్జనే అన్నది. అని కొంచెం సేపు ఊకున్నది, తర్వాత రొట్టె నేను కొడ్త పిండి పట్టించుకరా అన్నది. చేతులు నొస్తయి వద్దమ్మా అంటే వినలే. బి12, షుగర్ పరీక్షలు వచ్చే వారం చేయించుకుంట.

రెండు అడుగుతా. గుడాలు తింటే నాకు గ్యాస్ పట్టేస్తది, మిల్లుల కూసోలేను. ఇంక దసరకు మా అక్కలు బావలు వస్తరు, యాట తెప్పియ్యక తప్పది, అప్పుడు ఏం చేసుడు?

జడ్చర్ల_అక్క

గుడాలు ఒక్కసారే గిన్నె నిండ తినకు. మొదటి వారం నాలుగు చెంచాలు, అట్ల పెంచుకుంట పో, కడుపుకు అలవాటు కావాలె. రాత్రంత నానబెట్టిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లల్ల ఉడకబెట్టు, ఉడికేటప్పుడు కొంచెం జీలకర్ర, ఇంత అల్లం దంచి వెయ్యి. ముందు పెసర్లతోటి మొదలుపెట్టు, అవి తేలికగ అరుగుతయి, శెనిగలు నెలరోజుల తర్వాత.

దసరకు తిను తమ్ముడూ. మీ అక్కలు వచ్చిననాడు నువ్వు పక్కకు కూసుంటే వాళ్లకు ముద్ద దిగదు. మా ఇంట్ల నేనేం చేస్తనంటే కొవ్వు లేని తొడ ముక్క తీసుకొమ్మంట, బోటి తలకాయ తెప్పియ్య. వండేటప్పుడు కొవ్వు తీసేసి, సగం సొరకాయనో పుంటికూరనో వేసి వండుత. పుంటికూర మటన్ అంటే చుట్టాలు ఎక్కువ ఇష్టపడ్తరు, ముక్కలు తక్కువైనట్టు కూడ కనపడదు. దాని పక్కకు జొన్నరొట్టెలు పెట్టు, బగార అన్నం ఒక్క గంటె. మీ అమ్మ కొట్టిన రొట్టెలు అని చెప్పు, మీ అక్కలే ముందు అడుగుతరు.